బ్రేకు మాస్టారి మోక్షం

ఆయనకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. పేటలో చిన్నా పెద్దా అందరికీ ఆయన బ్రేకు మాస్టారు.

ఆ బిరుదు ఊరికే రాలేదు. సినిమాహాల్లో తెర మీద ఏ కారైనా మలుపు తిరిగిందంటే, మాస్టారి ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి నడుము పట్టుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. "క్షమించండి, అలవాటు" అనేవారు మాస్టారు ఎంతో వినయంగా. మళ్లీ మలుపు రాగానే మళ్లీ తన్నేవారు. విశ్రాంతి సమయానికి ఆ పెద్దమనిషి కుటుంబంతో సహా వేరే వరసకు వలస పోయేవాడు. బస్సెక్కినా అంతే. డ్రైవరు ఒక్కడు ముందు కూర్చుని నడుపుతుంటే, మాస్టారు వెనక సీట్లో కూర్చుని బస్సంతటినీ ఆపుతూ ఉండేవారు. దిగేసరికి డ్రైవరు హాయిగా ఈల వేసుకుంటూ ఉండేవాడు, మాస్టారికి పిక్కలు పట్టేసేవి.

ఆయన వృత్తి కారు నడపడం నేర్పడం. కింద ఒక గది ఆఫీసు, పైన ఇల్లు, బయట ఒక తెల్లకారు. నేర్పే కార్లలో ఒక విశేషం ఉంటుంది. నడిపేవాళ్ల కాళ్ల దగ్గర ఉండే బ్రేకు చాలదన్నట్టు, పక్కన కూర్చునే గురువుగారి పాదాల చెంత రెండో బ్రేకు ఒకటి వెలసి ఉంటుంది. శిష్యుడు తప్పు చేస్తే గురువు దాన్ని తొక్కుతాడు. లోకంలో గురువులంతా తప్పు జరగబోతుంటే తొక్కుతారు. మన మాస్టారు, తప్పు చెయ్యాలన్న ఆలోచన శిష్యుడికి పుట్టకముందే తొక్కేవారు.

దీనికీ ఒక పురాణం ఉంది. పడుచు రోజుల్లో, ఇంకో డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరి పాఠం చెబుతున్న మొదటి పూట, ఒక శిష్యుడు కారును తీసుకెళ్లి నారింజపళ్ల బండికి ఆనించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వీధి పొడుగునా నారింజలు దొర్లాయి. వాటిని ఏరుకుంటూ మోకాళ్ల మీద పాకుతున్నప్పుడు మాస్టారి కుడికాలు తనంత తానే ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ కాలు మాట తప్పని కాలు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆయన పక్కన ఎవరు కూర్చుని నడిపినా కారుకు గీత పడలేదు. ఆఫీసుకు కొత్తగా ఎవరు వచ్చినా మాస్టారు ముందు బయటికి తీసుకెళ్లి బంపరు చూపించేవారు.

"చెయ్యి పెట్టి చూడండి. మొహమాటపడకండి, పెట్టండి."

వాళ్లు పెట్టి చూసేవారు. నున్నగా పసిపాప బుగ్గలా ఉండేది. అక్కడికక్కడే చేరిపోయేవారు.

ఆ స్కూలుకు ఇంకో కీర్తి కూడా ఉండేది. దాన్ని మాస్టారు ఎవరికీ చూపించేవారు కాదు. ఆయన శిష్యులెవరూ మొదటిసారి పరీక్ష పాసైన పాపాన పోలేదు. పరీక్షకు వాడే కారు రవాణా ఆఫీసు వాళ్లది, దానికి ఒకటే బ్రేకు. మాస్టారి శిష్యులు ఆగవలసిన గీత దగ్గరికి రాగానే, ఎంతో మర్యాదగా, బ్రేకు పడుతుందిలే అని ఎదురు చూసేవారు. పడేది కాదు. కారు గీత దాటేది. పరీక్షాధికారి తల అడ్డంగా ఊపేవాడు. ఆ అధికారి మహా కర్కోటకుడని మాస్టారి సిద్ధాంతం.

ఈ సిద్ధాంతానికి మేనకోడలి రూపంలో గండం వచ్చింది.

మేనకోడలంటే మాస్టారి అక్క కూతురు. పక్క వీధిలోనే ఇల్లు. మాటకు మాట అప్పుడే చేతికిచ్చే రకం. ఒక ఆసుపత్రిలో రోగులను ఇళ్ల నుంచి తీసుకొచ్చి మళ్లీ దించే వ్యానుకు డ్రైవరుగా ఆమెను ఎంచుకున్నారు. నెలాఖరుకల్లా లైసెన్సు తెస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే తర్వాతి మనిషిది. చిన్నప్పటి నుంచి ఆమె కోరిక అదొక్కటే. బొమ్మల పెళ్లిళ్లు చేసే వయసులో ఆమె బొమ్మలను ఆసుపత్రికి తీసుకెళ్లేది. నేర్పింది సాక్షాత్తూ మేనమామ. ఇంకేం కావాలి?

ఒక మధ్యాహ్నం ఆమె పరీక్ష నుంచి వచ్చి సంచీని ఆఫీసు బల్ల మీద పడేసింది. బల్ల వెనక మాస్టారి భార్య కూర్చుని ఉంది. ఫోన్లు ఎత్తేదీ, క్లాసుల వేళలు కుదిర్చేదీ, అలిగిన శిష్యులను బుజ్జగించేదీ ఆమే. స్కూలుకు నిజమైన స్టీరింగ్ అక్కడుందని తెలిసినవాళ్లంటారు.

"మళ్లీనా?" అంది అత్త.

"గీత దాటింది అత్తా."

"అది దాటిందా, నువ్వు దాటించావా?"

"అదే దాటింది. నేను చూస్తూనే ఉన్నాను."

"చూడ్డానికే అయితే స్టీరింగ్ దగ్గర కూర్చోవడం ఎందుకే? గట్టు మీద కుర్చీ వేయించుకుంటే ఇంకా బాగా కనపడేదిగా."

మాస్టారు లోపలి నుంచి వచ్చారు. "నాకు తెలుసు. వాడంతే. ఆడపిల్ల వ్యాను నడపడమేమిటని కావాలని..."

"ఆయన్ని ఏమీ అనకు మావయ్యా," అంది మేనకోడలు. "పాపం, ఆయన కూడా చివరిదాకా ఆశ పెట్టుకున్నాడు. నా సంగతి చెబుతా విను. గీత కనిపించింది. ఆపాలని తెలుసు. నా కాలు నీ కాలు కోసం చూసింది. నువ్వు లేవు. అంతే."

"అంటే నా తప్పంటావా?"

"తప్పని అనలేదు. నాకు ఇంతవరకు బ్రేకు తొక్కే అవకాశం రాలేదంటున్నాను. వచ్చినప్పుడల్లా నువ్వు ముందే ఉన్నావు."

మాస్టారు సమర్థన కోసం భార్య వంక చూశారు. ఆమె అప్పుడే మోగని ఫోను ఎత్తి "హలో" అంది.

మర్నాడు పొద్దున పాఠం లెక్చరరమ్మగారిది. ఆమె కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైంది. ఇంత జ్ఞానాన్ని పెట్టుకుని ఇంకా ఆటోల కోసం రోడ్డు మీద నిలబడటం బాగాలేదని ఈ వయసులో కారు నేర్చుకుంటోంది. చాలా జాగ్రత్తపరురాలు. ఆమె కారు నడుపుతుంటే పక్కనుంచి నడిచివెళ్లేవాళ్లు ఆగి కుశలప్రశ్నలు వేసి, జవాబు విని, దాటుకుని వెళ్లగలిగేవారు. ఆ వేగంలో కూడా మాస్టారు తొక్కేవారంటే ఆయన నిష్ఠ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

"ఏమిటి మాస్టారూ, ముఖం అలా వేలాడేశారు?" అని అడిగిందామె.

మాస్టారు కడుపులో ఉన్నదంతా కక్కేశారు. మేనకోడలు పరీక్ష తప్పడం, ఆ తప్పు తన కాలి మీదికి రావడం, ఇన్నేళ్ల సేవకు ఇదా ఫలమన్న బాధ, అన్నీ చెప్పారు.

ఆమె నవ్వింది. "మీకున్న జబ్బు కొత్తదేం కాదు. శాస్త్రంలో దీనికి పేరు కూడా ఉంది. కర్తృత్వం. అంటే 'చేసేది నేనే' అనుకోవడం. మనిషిని కట్టిపడేసేది అదే. అది వదిలితే మోక్షం."

"మోక్షమంటే పోయాక వచ్చేది కదండీ?"

"పోయాక వచ్చేదైతే, వచ్చిందో లేదో ఎవరొచ్చి చెబుతారు? బతికుండగానే కలగాలని మావాళ్లు గట్టిగా వాదించారు. జీవన్ముక్తి అంటారు దాన్ని."

"ఎక్కడి నుంచి వస్తుంది?"

"ఎక్కడి నుంచీ రాదు. ఉన్నదే. మీరు దానికి అడ్డంగా కాలు పెట్టారు."

మాస్టారికి కోపం వచ్చింది. "కాలు తీస్తే గుద్దుకోదా?"

"ఇప్పుడు ఈ కారు నడుపుతున్నదెవరు?"

"మీరేనమ్మా."

"అబ్బ, ఎంత తేలిగ్గా అనేశారు! మరి కారు ఎందుకు కదలడం లేదు?"

మాస్టారు కిందికి చూశారు. కుడికాలు రెండో బ్రేకును నేలదాకా తొక్కిపెట్టి ఉంది. ఎప్పుడు తొక్కిందో ఆయనకు తెలియదు. వెనక వాహనాల వాళ్లు అప్పటికే హారన్లతో తమ అభిప్రాయం చెబుతున్నారు.

"ఆపింది నేను కాదు, చూసుకోండి" అంది లెక్చరరమ్మగారు ఎంతో తృప్తిగా.

ఆ క్షణంలో మాస్టారు ముముక్షువు అయిపోయారు. అంటే మోక్షం కోరేవాడని అర్థం. కొందరికి శ్మశానంలో వైరాగ్యం పుడుతుంది, కొందరికి పుస్తకాలు చదివితే పుడుతుంది. మాస్టారికి ట్రాఫిక్‌లో పుట్టింది.

"మోక్షానికి ఎన్ని క్లాసులు పడతాయండీ?" అని అడిగారాయన దిగేటప్పుడు. వృత్తిధర్మం.

"కొందరికి ఒకటి చాలు. కొందరికి కొన్ని జన్మలు."

"మధ్యరకం ఏమీ లేదా? మా అమ్మాయికి నెలాఖరు గడువండీ."

ఇంటికొచ్చి ఆయన సాధన మొదలుపెట్టారు. కుర్చీలో మఠం వేసుకుని కూర్చుంటే కాలు తప్పు చెయ్యలేదని ఒక ఉపాయం తోచింది. కూర్చున్నారు. టీవీలో ఎవరో మెట్ల మీద నుంచి జారారు. మఠం వేసి ఉన్న కాలు ఎటు పోవాలో తెలియక విసురుగా లేచింది, దాంతోపాటు మాస్టారూ కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చున్నారు.

"ఏమైందండీ?" అంది భార్య వంటింట్లోంచి.

"ఏమీ లేదు. మోక్షం."

"నెమ్మదిగా పొందండి. నడుం విరుగుతుంది."

ఇలా లాభం లేదని, మూలానికే గొడ్డలి పెట్టాలని మాస్టారు నిశ్చయించారు. భార్య తమ్ముడు కార్ల మెకానిక్కు. అతని షెడ్డుకు కారు తీసుకెళ్లి, రెండో బ్రేకు పీకెయ్యమన్నారు. బావమరిది స్పానరు పట్టుకుని కాసేపు బావగారి ముఖంలోకి చూశాడు.

"ఆలోచించుకో బావా. ఇది పీకేస్తే ఇది మామూలు కారు. నువ్వు మామూలు మనిషివి."

"అదే కావాలి. పీకు."

"అక్కకు తెలుసా?"

"సన్న్యాసం పుచ్చుకునేవాడు భార్యకు చెప్పి పుచ్చుకుంటాడుట్రా?"

బావమరిది పీకేశాడు. మాస్టారు ఆ పెడల్‌ను పాతగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, నిర్మోహంగా బల్ల మీద పెట్టారు. భార్య దాన్ని ఎత్తి బరువు చూసి, గాలికి కొట్టుకునే ఆఫీసు తలుపుకు అడ్డంగా పెట్టుకుంది. ఇన్నేళ్లలో దాని వల్ల ఇంటికి ఒక ఉపయోగం కలగడం అదే మొదలు అని కూడా అంది.

మామూలు వీధుల్లో ఆ కారుతో నేర్పడం చట్టానికీ ప్రాణానికీ మంచిది కాదు. పాత గోదాముల వెనక ఎవరూ రాని ఖాళీ జాగా ఉంది. చుట్టూ ప్రహరీ, మధ్యలో ఒక ఖాళీ రేకుడ్రమ్ము. మాస్టారు మేనకోడల్ని అక్కడికి తీసుకెళ్లారు. "చూడు, ఇక్కడ ఏమీ లేదు" అని తన కాళ్ల దగ్గర బోసిపోయిన నేలను గర్వంగా చూపించారు. "ఇక అంతా నువ్వే."

మేనకోడలు ఆనందంగా బండి కదిలించింది. డ్రమ్ము దగ్గర పడింది. ఇంకా దగ్గర పడింది. అప్పుడు మాస్టారి కాలు నేల మీద 'ధబ్'మని పడింది, గొంతులోంచి 'హా!' అని కేక వచ్చింది. ఆ కేకకు మేనకోడలు టక్కున ఆపేసింది.

"ఆపావు! చూశావా, ఆపావు!" అన్నారు మాస్టారు.

"నేనెక్కడ ఆపాను? నువ్వు అరిచావు, నేను బెదిరాను. ఇదివరకు కాలితో ఆపేవాడివి, ఇప్పుడు నోటితో ఆపుతున్నావు."

"మళ్లీ చేద్దాం. నోరు మూసుకుంటా."

నోరు మూసుకున్నారు. ముక్కుతో 'హుఁ' అన్నారు. దానికీ కారు ఆగింది. ముక్కు మూసుకున్నారు. ఊపిరి బిగబట్టిన చప్పుడుకు ఆమె ఆపింది. సాయంత్రానికి కాళ్ల కింద వేసిన రబ్బరు పట్టాకు చిల్లు పడింది. మేనకోడలికి మాత్రం బ్రేకు తొక్కడం ఇంకా రాలేదు, మేనమామను వినడం బాగా వచ్చింది.

ఇల్లు చేరాక మేనకోడలు అంది, "మావయ్యా, కోపం తెచ్చుకోకు. ఎదురు వీధి స్కూల్లో చేరతాను. గడువు దగ్గరికొచ్చేసింది. ఈసారి పోతే వ్యాను ఇంకెవరిదో అవుతుంది."

ఎదురు వీధి స్కూలు! వాళ్ల కారు బంపరు చూస్తే నలిగిన రేకుడబ్బాలా ఉంటుంది. మాస్టారు తల దించుకుని తన నున్నటి బంపరు మీద చెయ్యి వేశారు. మేనకోడలు వెళ్లిపోయింది.

"వెళ్లనివ్వండి" అంది భార్య. ఆమె గొంతులో ఎగతాళి లేకపోవడంతో ఆయన తలెత్తి చూశారు. "దానికి కావలసింది లైసెన్సు. మీకు కావలసింది దాన్ని కాపాడటం. రెండూ ఒకటే అనుకుంటున్నారు మీరు."

పొద్దున లెక్చరరమ్మగారితో పాఠం లేకపోయినా మాస్టారు ఆమె ఇంటికి వెళ్లారు. ఆమె వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తోంది. పెడల్ పీకేసిన సంగతీ, పట్టా చిల్లు పడ్డ సంగతీ చెప్పారు.

"అన్నీ వదిలేశానండీ. అయినా విముక్తి రాలేదు."

"వదిలింది ఇనుప ముక్కని. మా శాస్త్రం ఈ తంటా ఎప్పుడో చూసింది మాస్టారూ. అడవికి పోయినవాడు అడవిని కూడా నాది అనుకోగలడు. పట్టు పెడల్‌లో లేదు. కాలిలో కూడా లేదు. 'నేను ఆపకపోతే ఇది ఆగదు' అన్న ఆ ఒక్క మాటలో ఉంది."

"ఆ మాట నాకు రానే కూడదా?"

"వస్తుంది. వస్తే రానివ్వండి. వచ్చిందని చూడండి. దాని వెంట పడి పరుగెత్తడమా మానడమా అన్నది మీ చేతిలో ఉంది. చూసేవాణ్ణి సాక్షి అంటారు." ఆమె చెంబు కింద పెట్టి కొంచెం సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "చెప్పడం నాకు తేలికేలెండి. ఇదంతా ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం నా వేళ్లు తెల్లబడిపోతాయి. మీకు ముందు కుదిరితే ఎలా ఉంటుందో నాకూ చెప్పండి."

మాస్టారు అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్లి, తలుపు కింద నుంచి పెడల్ లాగి, షెడ్డుకు పట్టుకెళ్లారు.

"బిగించు" అన్నారు బావమరిదితో.

"అప్పుడే సన్న్యాసం అయిపోయిందా బావా?"

"ఇప్పుడు మొదలవుతుంది. గట్టిగా బిగించు. తొక్కితే పట్టేలా ఉండాలి."

సాయంత్రం మేనకోడలి ఇంటి ముందు హారను కొట్టారు. ఆమె గుమ్మంలోకి వచ్చి, కారులోకి తొంగి చూసి, ఆ ఇనుప పెడల్‌ను గుర్తుపట్టి పెదవి విరిచింది.

"మళ్లీ పెట్టించావా?"

"పెట్టించాను. ఒక్క పూట రా. ఇవాళ నేను ఆపను."

"నువ్వు ఎప్పుడూ అంతే అంటావు మావయ్యా."

"రేపటి నుంచి ఎదురు వీధికే వెళ్లు. నేనే దగ్గరుండి చేర్పిస్తాను. ఈ పూటకు రా."

మేనమామ ముఖంలో ఏం కనిపించిందో గాని, ఆమె చెప్పులు వేసుకుంది.

గోదాముల వెనక ఎండ వాలి ప్రహరీ నీడ సగం దూరం పాకింది. వెనక్కి నడపడం పాఠం. డ్రమ్ము వెనకద్దంలో బొటనవేలంత కనిపిస్తోంది. కారు నడక వేగంతో దాని వైపు కదిలింది. బొటనవేలు గ్లాసంత అయింది. గ్లాసు బిందె అయింది. మాస్టారి కుడిపాదం కింద పెడల్ రబ్బరు మెత్తగా తగులుతోంది. కొంచెం, రవ్వంత నొక్కితే చాలు. లోకంలో అంతకన్నా సులువైన పని లేదు.

అప్పుడు తొక్కాలన్న కోరిక వచ్చింది. రోజూ వచ్చేదే, కానీ ఎప్పుడూ వచ్చినట్టు తెలిసేది కాదు, పని అయిపోయాకే తెలిసేది. ఈసారి అది గుమ్మం దగ్గరికి రావడం మాస్టారికి స్పష్టంగా తెలిసింది. పెద్ద హోదా ఉన్న మనిషిలా వచ్చింది. నారింజలు దొర్లుతాయన్నది. బంపరు పోతుందన్నది. పరువు పోతుందన్నది. పిల్లకు భయం వేస్తుందన్నది. నేను లేకపోతే నువ్వు ఎవరివి అని కూడా అడిగింది. మాస్టారు అన్నీ విన్నారు. దేనికీ జవాబు చెప్పలేదు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. గుండె దబదబ కొట్టుకుంటోంది, కొట్టుకోనిచ్చారు. బిందె పీపా అయింది.

ధన్!

రేకుడ్రమ్ము పడి, దొర్లి, ప్రహరీకి తగిలి, ఇంకోసారి మోగింది.

మేనకోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కాలు బ్రేకు మీద ఉంది. ఆలస్యంగానే అయినా, ఎవరూ పిలవకుండానే వెళ్లి అక్కడ కూర్చుంది.

"మావయ్యా! నువ్వు తొక్కలేదు!"

"లేదు."

"డ్రమ్ము కనపడలేదా?"

"ఎందుకు కనపడదు? శుభ్రంగా కనపడింది. ఎడమ పక్క తుప్పు కూడా కనపడింది."

ఆయన దిగి కారు వెనక్కి వెళ్లారు. పసిపాప బుగ్గకు చారెడు సొట్ట పడింది. మేనకోడలూ దిగి వచ్చింది. మాస్టారు ఆ సొట్టలో చెయ్యి పెట్టారు. అరచెయ్యి అందులో సరిగ్గా పట్టింది. అప్పుడు ఆయనకు నవ్వు వచ్చింది. మొదట సన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, ఆ తర్వాత నిలబడలేక నేల మీద చతికిలబడి, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వారు. ఇంతకాలం ఏ ఘోరం జరగకుండా ఒంటికాలి మీద లోకాన్ని ఆపుతూ వచ్చారో ఆ ఘోరం జరిగింది. జరిగి, చారెడుంది.

మేనకోడలు గబగబా ఫోను తీసింది. "అత్తా, మావయ్య నవ్వుతున్నాడు."

"ఎందుకు?"

"కారుకు సొట్ట పడింది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "దగ్గరే కూర్చోవే. చెయ్యి వదలకు. నేను నీళ్లు పట్టుకుని వస్తున్నా."

ఆమె వచ్చేసరికి నీళ్ల అవసరం తీరిపోయింది. మాస్టారు డ్రమ్మును నిలబెట్టి, కార్లో కూర్చుని, "ఊఁ, మళ్లీ" అంటున్నారు. డ్రమ్ము ఇంకోసారి మోగింది. ఆ తర్వాతి సారి మోగలేదు. కారు దానికి జానెడు దూరంలో, గాలి కూడా కదలకుండా ఆగింది. మేనకోడలు తన కాలి వంక తానే వింతగా చూసుకుంది.

"ఇప్పుడు ఎవరు ఆపారే?" అంది అత్త కిటికీలోంచి.

"నేనే అత్తా! నేనే!"

ఎదురు వీధి స్కూలు వాళ్లు ఒక శిష్యురాల్ని పోగొట్టుకున్నారు. ఆ సంగతి వాళ్లకు ఎన్నటికీ తెలియదు.

పరీక్ష రోజున మాస్టారు రవాణా ఆఫీసు ప్రాంగణంలో చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. అక్కడ కూర్చున్న తండ్రులూ, అన్నలూ, భర్తలూ అందరూ తమవాళ్ల కారు గీత దగ్గరికి వస్తుంటే తెలియకుండానే చెప్పులతో నేలను తొక్కుతున్నారు. మాస్టారు ఆ వరస పొడుగునా ప్రేమగా చూశారు. ఒకప్పటి తన బడిలో చదివే పిల్లల్లా కనిపించారు వాళ్లంతా.

మేనకోడలి కారు వచ్చింది. గీత వచ్చింది. బెంచీ అంతా తొక్కింది, మాస్టారు తప్ప. కారు గీతకు ఇవతల, నీటుగా, అంగుళం మిగిల్చి ఆగింది.

ఇంతకాలం ఆమెతో 'దిగండి' తప్ప మరో మాట అనని పరీక్షాధికారి కాగితాల మీద సంతకం చేసి, కళ్లద్దాలు తీసి, "ఈసారి ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"కొత్తగా ఎవరూ నేర్పలేదు సార్. మా మావయ్య ఊరుకున్నాడు."

అధికారికి అర్థం కాలేదు. లైసెన్సు ఇవ్వడానికి అర్థం కావలసిన అవసరమూ లేదు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. మేనకోడలు వ్యాను నడుపుతోంది. ఆమె వ్యాను ఎక్కిన ముసలివాళ్లు ఇంకోసారి జబ్బు పడటానికి పెద్దగా వెనకాడరని ఆసుపత్రిలో చెప్పుకుంటారు. మాస్టారి శిష్యులు మొదటిసారే పాసవుతున్నారు. తెల్లకారు ఒంటి నిండా సొట్టలే. కొత్తవాళ్లు వస్తే మాస్టారు ఇప్పటికీ బయటికి తీసుకెళ్లి చూపిస్తారు. ఫలానా సొట్ట ఫలానా వారిదనీ, ఆ రోజుతో వారికి కారు వచ్చేసిందనీ పరిచయం చేస్తారు. నిజంగా ప్రమాదం ఉన్న చోట ఆయన కాలు ఇప్పటికీ తొక్కుతుంది. తొక్కి, పని చూసుకుని, వెనక్కి వచ్చేస్తుంది. లెక్చరరమ్మగారికీ లైసెన్సు వచ్చింది. వేగం మాత్రం పెరగలేదు. మోక్షం ఎలా ఉంటుందని ఆమె అడిగితే మాస్టారు చాలాసేపు ఆలోచించి, "పిక్కలు నొప్పి పుట్టడం లేదండీ" అన్నారు. ఆమె దాన్ని ఎంతో గౌరవంగా స్వీకరించింది.

ఇక ఆ పరీక్ష రోజు సాయంత్రానికి వద్దాం. రవాణా ఆఫీసు నుంచి ఇంటికి తెల్లకారును మేనకోడలే నడిపింది. ముందు సీట్లో, పెడల్ ఉన్న వైపు, అత్త కూర్చుంది. మాస్టారు వెనక సీట్లో కిటికీ దగ్గర చేరారు. కారులో వెనక ఎంత చోటుందో, బయట వీధిలో ఎన్ని కొట్లు కొత్తగా వచ్చాయో ఆయనకు అప్పుడే తెలిసింది. రంగుల డబ్బాలమ్మే కొట్టు ఎప్పుడు పెట్టారని అడిగారు. పెట్టి చాలా ఏళ్లయిందంది భార్య. "బాగుంది" అన్నారాయన. కూడలిలో మేనకోడలు ఆగింది, కదిలింది, మలుపు తిరిగింది. లారీ ఒకటి పక్కనుంచి రొద చేసుకుంటూ పోయింది. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు.

"మావయ్యా, ఎలా తిప్పాను?" అంది ఆమె.

జవాబు లేదు. అద్దంలో చూసింది. మాస్టారు తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, చిన్నగా గురక పెడుతున్నారు.

"అత్తా! చూడు!"

అత్త మెడ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. ఎదుట వీధి మలుపులో తమ ఆఫీసు బోర్డు కనిపిస్తోంది. మేనకోడలు వేగం తగ్గించి, కాలు బ్రేకు మీదికి జరిపింది.

"ఆపకు" అంది అత్త మెల్లగా. "ఇంకో చుట్టు తిప్పు."